నాంపల్లి తోటలో చిగురుకాలము

కాజీపేట దాటిన పిమ్మట తెల్లవారెను. గోదావరి కాలువలను, కృష్ణాతీరపు పొలములను చీకటిలోనే దాటివచ్చిన రైలు అప్పటికి ఎఱ్ఱనేలలోనికి, ఒకదానిపై ఒకటి నిలిచిన బండరాళ్ళ గుట్టల నడుమకు ప్రవేశించియుండెను. ఆ గుట్టల పాదములయందు ఆకంతయు రాల్చి, కొమ్మకొమ్మకు కాషాయవర్ణపు పూలు ధరించిన మోదుగలు, వాటి వెనుక తాటితోపులు, వాటికిని వెనుక నీరు తీసిన చెఱువుల బీటలువారిన అంచులు కనబడుచుండెను. మా కోనసీమలో కొబ్బరియు, అరటియు, పోకయు సంవత్సరమంతయు ఒకే పచ్చదనముతో నిలుచుటచే వసంతము వచ్చినదని పంచాంగము చూచి తెలిసికొనవలసియుండును. దక్కను పీఠభూమిలో అట్లు కాదు. ఇచ్చట వేప, రావి, కానుగ మొదలగు వృక్షములు మాఘమాసము చివర ఆకు రాల్చి, కొన్నాళ్ళు దిగంబరముగా నిలిచి, ఫాల్గునములో ఒక్కసారిగా చిగిర్చును. ఆ లేజిగురును ముందుగా ఎవరు తిందురు, దానిని ఎవరు కాతురు అను ప్రశ్నయే నన్ను ఈ ప్రయాణమునకు పురికొల్పినది.

నాంపల్లి స్టేషనునకు అల్లంత దూరముననే పబ్లిక్ గార్డెన్సు కలదు. పాత నగరవాసులు నేటికిని దానిని బాగ్-ఎ-ఆం అందురు. 1913లో నిర్మించిన శాసనసభా భవనపు తెల్లని గుమ్మటములు, జూబిలీ హాలు, పురావస్తు ప్రదర్శనశాల, షాహీ మసీదు, ఇవన్నియు ఈ తోట ఒడిలోనే ఉన్నవి. నగరపు జంతుశాల కూడ ఒకప్పుడు ఇచ్చటనే ఉండి, 1963లో నెహ్రూ జంతుప్రదర్శనశాల తెరచిన పిమ్మట అచ్చటికి తరలిపోయినది. రాష్ట్ర ఉద్యానశాఖ కార్యాలయము సైతము ఈ ఆవరణలోనిదే. నేను భవనములను వదలి, వేపచెట్ల క్రిందికి నడచితిని. రాత్రి రాలిన పండుటాకు పాదములు మునుగునంతగా పఱచుకొని, అడుగు వేసినచోటనెల్ల గలగలలాడుచుండెను. తల యెత్తి చూచినచో అవే కొమ్మల చివరల రాగివన్నె చిగురు అప్పుడే విచ్చుకొనుచుండెను.

తలపాగా చుట్టుకొనిన ఒక వృద్ధుడైన తోటమాలి ఆ ఆకును పొడవైన చీపురుతో ఊడ్చి, చెట్టు మొదటికి కుప్పలుగా చేర్చుచుండెను. తగులబెట్టుదురా అని నేనడిగితిని. "కాలబెడ్తమా సారూ! గీ వేపాకు మళ్ళ మొదట్లనే వేస్త. ఎండకాలంల నేల సల్లగుంటది, చెదలు గిట్ల దగ్గరికి రావు" అని ఆయన చెప్పెను. ఇంతలో నా దృష్టి ప్రక్కనున్న మందారముపై పడినది. దాని కొమ్మల కణుపులయందు పిండినల్లి తెల్లగా దూది అంటించినట్లు పట్టి, క్రింది నుండి చీమలు బారులు తీరి ఎక్కుచుండెను. దీనికి ఏమి మందు కొట్టుదురని అడిగినంతనే ఆయన చీపురు చెట్టునకు చేరవేసి, నన్ను దగ్గరకు పిలిచి, చీమల బారును వ్రేలితో చూపెను. "చీమలు ఎక్కుతున్నయంటే పైన ఏదో కుదిరిందన్నట్టే. పురుగును తర్వాత జూడుండ్రి సారూ, ముందుగాల చీమల తొవ్వ బందువెట్టుండ్రి" అనుచు, కాండమునకు జానెడెత్తున ఆముదములో తడిపిన గుడ్డపేలిక చుట్టి బిగించెను. పిమ్మట బొక్కెనలో నానవేసియున్న కుంకుడుకాయల రసమును నీటితో పలుచన చేసి, పాత బట్టతో ఆ కణుపులను ఒక్కొక్కటిగా తుడిచెను. మిక్కిలిగా పట్టిన రెండు కొమ్మలను మాత్రము కత్తెరతో కోసి, దూరముగా గుంటలో పూడ్చుటకు ప్రక్కన పెట్టెను.

ఆ పనిలో ఎంత శాస్త్రమున్నదో ఆయన చెప్పలేదు, చెప్పనక్కరయు లేదు. పిండినల్లియు, పేనుబంకయు మొక్క రసమును పీల్చి, తమకు మిగిలిన తీపిని తేనెమంచుగా విసర్జించును. ఆ తీపికై చీమలు వాటిని కాచును. వాటిని తినవచ్చు కీటకములను కరచి తరుమును. ఒక కొమ్మ ఎండిన మరియొక కొమ్మకు మోసికొనిపోవును. కాపలాదారులైన చీమలను తొలగించినచో, పురుగును తినువారు తమంత తామే వత్తురు. మందు చల్లినవాడు పురుగును చంపుచున్నాననుకొని, పురుగుతోపాటు దానిని తినువారిని కూడ చంపును. పురుగు తిరిగి వారములోపల పుట్టును గాని, దానిని తినునది అంత త్వరగా పుట్టదు.

నాకు ఈ యాత్రలో దొరికిన సారమంతయు ఈ వ్యవధిలోనే ఉన్నదని తోచుచున్నది గనుక దీనిని కొంచెము విస్తరించి చెప్పెదను. వసంతపు పేనుబంక స్త్రీజాతి. మగదాని సంపర్కము లేకయే పిల్లలను కనును, గ్రుడ్డు కూడ పెట్టక జీవముతోనే కనును, ఆ పిల్ల వారము పదిదినములలో తానును తల్లియగును. కావున చిగురు వచ్చిన తొలి రోజులలో పేనుబంక సేన ఒక్కటియే రంగముననుండును. దానిని తినునట్టి అక్షింతల పురుగు తన గ్రుడ్లను ఆ సేన పెరిగిన పిమ్మటనే, పిల్లలకు ఆహారము చాలునని రూఢియైన పిమ్మటనే అచ్చట పెట్టును. ఆ గ్రుడ్లు మూడు నాలుగు దినములలో పగిలి, ఆకలిగొన్న పిల్లలు బయలుదేరును. చిగురునకును, చిగురును తినుదానికిని, దానిని తినుదానికిని నడుమ ప్రకృతి ఉంచిన ఈ ఎడములోనే తోటవాని ధైర్యము సడలును. అతడు ఆ పది పదునైదు దినములు ఓర్వలేక చేయి చేసికొనుటయే తోటలు విషమునకు అలవాటుపడుటకు మూలము. ఓర్చుకొనుట అనగా చేతులు కట్టుకొని కూర్చుండుట కాదు. తెల్లవారగనే వెళ్ళి ఆకు తిప్పి చూచుట, చూచినదానిని చేతితో తుడుచుట, నీటిధారతో కడుగుట, చీమల దారి మూయుట, ఇవన్నియు ఆ ఓర్పులోని భాగములే.

మధ్యాహ్నమునకు ముందే నేను తోట నుండి బయలుదేరి నాంపల్లి దర్గా వైపు నడచితిని. యూసుఫైన్ దర్గాకు పోవు దారిలో గులాబీలను చాదరులుగా గ్రుచ్చి అమ్ము దుకాణములు వరుసగా ఉన్నవి. బుట్టలలో గులాబీరేకులు కుప్పలు పోసి, వాటిపై నీళ్ళు చిలకరించుచున్న యువకులు దారిన పోవువారిని మతము తెలియకయే "అన్నా", "భాయ్" అని ఆప్యాయముగా పిలుచుచుండిరి. అక్కడికి సమీపముననే ఎగ్జిబిషన్ మైదానము. 1938లో పబ్లిక్ గార్డెన్సులోనే ఆరంభమై, 1946లో ఈ మైదానమునకు మారిన నుమాయిష్ అను ప్రదర్శన ఫిబ్రవరి నడుమనే ముగిసినందున, ఇప్పుడు అది నిర్మానుష్యమై, మైదానపు అంచు చెట్లపై మాత్రము పక్షుల కోలాహలము వినబడుచుండెను.

ఆదివారమగుటచే ఆబిడ్స్ దుకాణములు మూసియుండెను. ఆఱవ నిజాము కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను నతడు తెరచిన అంగడి పేరుమీదుగా ఏర్పడిన ఈ వీథిలో, ఆదివారములయందు మూసిన తలుపుల ముందటి కాలిబాటలన్నియు పాతపుస్తకములతో నిండిపోవును. పోటీపరీక్షల పుస్తకములు, వైద్యగ్రంథములు, ఉర్దూ కవితాసంపుటములు, తెలుగు నవలలు ఎండలో ఒకదానినొకటి ఒరసికొని పడియుండగా, చదువరులు గొంతుకూర్చుండి గంటలకొలది వెదకుచుందురు. అమ్మువాడు విసుగుకొనడు, కొనవలెనని ఒత్తిడి చేయడు. వ్యవసాయశాఖ వారి పాత కరపత్రములు కొన్ని, వాటి నడుమ వృక్షాయుర్వేదమునకు సంబంధించిన ఒక వ్యాసము నాకు దొరికినవి. ఆ శాస్త్రమునకు ఈ జంటనగరములతో సన్నిహితమైన బంధమున్నది. వెయ్యేండ్లనాటి సురపాలుని 'వృక్షాయుర్వేదము' వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డు బోడ్లియన్ గ్రంథాలయములో ఉండగా, దాని ప్రతిని తెప్పించి, నళినీ సాధలే గారిచే ఆంగ్లీకరింపజేసి, 1996లో ప్రకటించినది సికిందరాబాదులో వై.ఎల్. నెనె గారు స్థాపించిన ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషను. సురపాలుడు చెట్ల రోగములను మనుష్యరోగములవలెనే వాత పిత్త కఫములుగా విభజించెను. అతనికంటె పూర్వుడగు వరాహమిహిరుడు సైతము తన బృహత్సంహితలో వృక్షచికిత్సకు ఒక అధ్యాయమును కేటాయించి, రోగము తగిలిన భాగమును ముందు కత్తితో తొలగించి, వాయువిడంగములు, నెయ్యి, బురద కలిపి పూయుమని చెప్పెను. పొద్దున తోటమాలియు మిక్కిలిగా పట్టిన కొమ్మలను కత్తెరతో కోసి తొలగించెను గదా.

అయితే పాతదియంతయు పూజ్యమని నేను అనను. కుణపజలమువంటి బలమైన పులియబెట్టిన ఎరువులు చెట్టునకు పుష్టినిచ్చునవే గాని పురుగును ఆపునవి కావు. పైగా చిగురు పుట్టు వేళ నత్రజని అధికముగా పెట్టినచో, అది ఏ రూపముననున్నను సరే, ఆకు మెత్తబడి పేనుబంకకును, పచ్చదోమకును విందు అగును. అట్లే పొగాకు కషాయము ప్రకృతిసిద్ధమే యైనను నికోటిను విషము. తేనెటీగను చంపును, తడిసిన చేతి చర్మము గుండ మనుష్యునిలోనికి కూడ ప్రవేశించును. చెట్టు నుండి వచ్చినంతమాత్రమున ఏదియు నిరపాయము కాజాలదు.

సాయంకాలము చిరాగ్ అలీ లేనులోని ఒక పాత ఇంటికి మిత్రుని ద్వారా ఆహ్వానము లభించినది. వీథి వైపు చూచినచో ఎత్తైన గోడయు, అంగళ్ళ ఫలకములును తప్ప ఏమియు కనబడదు. లోపలి తలుపు దాటినంతనే ఆకాశము కనబడు చతురస్రపు ముంగిలి, దాని నడుమ ఒక జామచెట్టు, మూలన నిమ్మ, గోడ వెంబడి కుండీలలో గులాబీ, మల్లె, కరివేపాకు, మందారము. ఇంటి యజమాని ఉద్యోగవిరమణ చేసిన వృద్ధుడు. తెల్లని షేర్వాణీతో గుమ్మమువరకు వచ్చి, కుడిచేయి నొసటికి తాకించి ఆదాబు చేసి, "తష్రీఫ్ రఖియే జనాబ్" అని నన్ను కూర్చుండబెట్టి, తాను మాత్రము నేను మొదటి గుటక త్రాగువరకు నిలుచుండియే యుండెను. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కత్తు ఇచ్చి, మా గోదావరి ప్రాంతపు మొక్కల సంగతులు ఎంతో ఆసక్తితో అడిగెను. కడియము నర్సరీల పేరు ఆయనకు తెలియును. తన ముంగిలిలోని గులాబీలలో సగము అక్కడివేనని చెప్పెను.

ఆయన మందారపు కుండీలో పేనుబంక మొగ్గల చుట్టును నల్లగా క్రమ్మియుండెను. నేను భూతద్దము తీసి చూడగా ఆ గుంపు నడుమ వింతయైన జీవి యొకటి కదలుచుండెను: పొడవైన నల్లని దేహము, వీపుపై లేత పసుపు మచ్చలు, మూడు జతల కాళ్ళు, ముండ్లవంటి వెండ్రుకలు. అక్షింతల పురుగు బాల్యరూపమది. గుండ్రని ఎఱ్ఱరెక్కల పెద్ద పురుగును చూచి ముచ్చటపడువారు కూడ ఈ పిల్లను చూచి భయపడి నలిపివేయుదురు. అది ఒక పేనుబంకను పట్టి, తల ఎత్తి, దాని రసమును పీల్చి, వట్టి తొక్కను విడిచి, వెంటనే రెండవదానిపై పడెను. ఆ ప్రక్కనే కొన్ని పేనుబంకలు కదలక, ఉబ్బి, గోధుమవన్నె పూసలై ఆకునకు అంటుకొనియుండెను; వాటి వీపులపై సూదితో పొడిచినట్లు గుండ్రని రంధ్రములు. చిన్న కందిరీగ యొకటి వాటిలో గ్రుడ్డు పెట్టగా, పిల్ల లోపలినుండి తిని, పెరిగి, ఆ రంధ్రము గుండ బయటపడి పోయినది. "దీన్ని చంపకండి సాబ్, ఇది మన మనిషి. పోయిన ఏడాది మా కోడలు మందు తెస్తానన్నది. నేను అన్నాను, పది రోజులు సబర్ చెయ్యి బేటీ, ఆ తర్వాత నువ్వే చూడు. చూసింది" అని ఆయన సంతోషముతో చెప్పెను.

నిమ్మచెట్టుపై మరియొక విచిత్రము. లేతాకులమీద పిట్టరెట్టల వంటి నల్లని తెల్లని మచ్చలున్నవి. తాకబోవగా ఆ మచ్చలలో ఒకటి తల వెనుకనుండి నారింజవన్నె కొమ్ముల జంటను బయటికి చాచి, ఘాటైన వాసన వదలెను. సీతాకోకచిలుక గొంగళి అది. కొంచెము పెరిగినచో పచ్చగా మారి ఆకులో కలిసిపోవును. చిన్నమొక్కయైనచో నాలుగు గొంగళ్ళు చాలును, చిగురంతయు పోవును. యజమాని వాటిని చేతితో ఏరి, గోడకు ఆవలనున్న ముదురు నిమ్మకొమ్మపై విడిచెను. ఆ చెట్టు పెద్దది గనుక వాటి భారమును తట్టుకొనగలదని ఆయన యుక్తి. చంపుట ఇష్టము లేకపోవుటయు, చిగురును కాపాడుకొనుటయు రెండును ఒకే పనిలో నెరవేరినవి.

మరునాడు మొజంజాహి మార్కెట్టు. 1935లో నల్లరాతితో కట్టి, ఏడవ నిజాము రెండవ కుమారుని పేరు పెట్టిన ఈ విపణిలో గడియారపు గోపురము క్రింద పండ్ల ఐస్‌క్రీము అంగళ్ళ యెదుట ఎప్పుడును రద్దీయే. ద్రాక్ష కాలము. ఒకనాడు హైదరాబాదు తోటల కీర్తిని దేశమంతటా చాటిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్షపండు పొడవుగా, లేతపసుపు వన్నెతో, నోట వేసికొనిన కరకరలాడుచు ఎంత రుచియో తినినవారికే తెలియును. ద్రాక్షకు బూడిద తెగులు, తామరపురుగు, పిండినల్లి వెన్నంటియుండుటచే దానికంటె ఎక్కువసార్లు మందు చల్లించుకొను పండు అరుదు. గుత్తిని నీటిలో ముంచి కడిగి తినుచున్నప్పుడు ఖమ్మము వైపు పునుకుల గ్రామమును, జనగామ వైపు ఏనబావి గ్రామమును తలచుకొంటిని. ప్రత్తిమందులకై అప్పులపాలైన పునుకుల రైతులు ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో మందు డబ్బా ముట్టమని నిశ్చయించుకొని, వేపకషాయము, లింగాకర్షక బుట్టలు, పక్షిస్థావరములతో పంటలు తీసిరి. ఏనబావివారు 2006 నాటికి ఊరంతయు రసాయనములను విడిచిరి. ఊరందరును కలిసి చేసినందుననే అది సాధ్యమైనదని నా నమ్మకము. ప్రక్కచేనివాడు మందు చల్లుచుండగా ఒక్కని చేనులో అక్షింతల పురుగు నిలుచుట కష్టము.

మార్కెట్టు నుండి వెనుకకు మరలి, పబ్లిక్ గార్డెన్సు దాటి రెడ్ హిల్సునకు పోయితిని. ఉద్యానశాఖవారి శిక్షణసంస్థ అచ్చట ఉన్నది. మేడలమీద కూరగాయలు పెంచు నగరవాసులకు పాఠములు చెప్పుదురు. వచ్చినవారిలో స్త్రీలే ఎక్కువ. కొందరు తమ తోటలోని వ్యాధి పట్టిన ఆకులను ప్లాస్టిక్ సంచులలో వేసికొని వచ్చిరి. పొడిగాలిలో వంగ, బెండ ఆకుల అడుగున ఎఱ్ఱనల్లి పట్టుట ఈ నగరపు ప్రధానమైన బాధ. మా గోదావరి ప్రాంతమున గాలి తేమతో నిండియుండుటచే అంతకంటె శిలీంధ్రపు తెగుళ్ళే మమ్ము వేధించును. నల్లికి మొదటి వైద్యము ఆకు అడుగున నీటిని బలముగా కొట్టుట. అది నాకు అచ్చటనే తెలిసినది. ఒక గృహిణి లేచి, "సార్, వేపనూనె వారానికొకసారి తప్పకుండా కొట్టాల్నా?" అని అడిగెను. "పురుగు లేని చెట్టుకు మందు ఎందుకమ్మా? వేపనూనెగూడ మందే. ముందు ఆకు తిప్పి చూడుండ్రి" అని పాఠము చెప్పునతడు అనెను. పిమ్మట లీటరు నీటికి ఏబది గ్రాముల వేపగింజల పప్పును దంచి, రాత్రంతయు నానబెట్టి, వడగట్టి, కొంచెము సబ్బుపొడి కలిపి సాయంకాలమున చల్లవలెనని వివరించెను. ఎండలో దాని సారము త్వరగా చెడును. అంతేకాక అది పురుగును తక్షణము చంపదు, తిండి మానిపించును, కుబుసము విడువనీయదు. చంపలేదని మరునాడే మరల చల్లువారు ఎందరో ఉన్నారని ఆయన బాధపడెను. పసుపుపచ్చని డబ్బామూతకు ఆముదము రాసి వ్రేలాడదీసినచో తెల్లదోమ వచ్చి అంటుకొనుననియు, కొత్తిమీర మడిలో ఒక వరుసను కోయక పూతకు వదలినచో, ఆ చిన్న పూల మకరందమునకు పేనుబంకలో గ్రుడ్డు పెట్టు కందిరీగలు చేరుననియు చెప్పెను. పాఠము ముగియగనే స్త్రీలు ఒకరికొకరు చిక్కుడు, బీర విత్తనములు కాగితపు పొట్లములలో ఇచ్చిపుచ్చుకొనిరి. క్రొత్తవాడనైన నా చేతిలో కూడ ఒక పొట్లము పెట్టిరి.

ఇంటికి వచ్చిన తరువాత ఈ సంగతులన్నియు కడియపులంకలో నర్సరీ నడుపు నా బాల్యమిత్రునితో చెప్పితిని. అతడు సాంతము విని, "నువ్వు చెప్పింది నిజమేరా. కాని ఆకు మీద ఒక్క పురుగు కనబడినా కొనేవాడు ఆ మొక్క ముట్టుకోడు. పది రోజులు ఆగమంటే బేరం ఆగుతుందా?" అనెను. అది త్రోసివేయదగిన మాట కాదు. మచ్చలేని ఆకును కోరు కొనుగోలుదారే అతనిచేత మందు చల్లించుచున్నాడు. ముంగిలిలో పది కుండీలున్నవానికి సులభమైన ఓర్పు, వేలకొలది మొక్కలపై బ్రదుకువానికి నష్టమగును. చాలసేపు చర్చించిన పిమ్మట, అమ్మకపు వరుసలకు దూరముగా తల్లిమొక్కలుండు రెండు మడులకు మందు ముట్టించకుండుటకును, వాటి గట్లమీద కొత్తిమీర, సోపు, బంతి చల్లుటకును అతడు అంగీకరించినాడు. జ్యేష్ఠమాసములో వేపపండ్లు రాలునప్పుడు గింజలు ఏరించి, కడిగి, నీడన ఆరబెట్టించు పనిని మాత్రము నాకే అప్పగించినాడు.